తెల్లవారుజామున దింపే బస్తా, నడుంలో డిస్కు

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 42 ఏళ్లు. తెనాలి దగ్గర కిరాణా హోల్‌సేల్ కొట్టు నడుపుతున్నాను. తెల్లవారుజామున 5 గంటలకు లోడు వస్తుంది. మంచం దిగి నేరుగా వెళ్లి, నేనూ కుర్రాడూ కలిసి 25 కిలోల బియ్యం బస్తాలు 40, 50 దాకా దింపుకుంటాం. ఆ తర్వాత రాత్రి 9 దాకా గల్లా దగ్గర స్టూలు మీదే. మూడు నెలల కిందట అలా బస్తా ఎత్తుతుండగా నడుం పట్టేసింది. ఎమ్మారై తీస్తే ఎల్4-ఎల్5 డిస్కు (నడుంలో నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్త) నల్లబడింది, కొంచెం ఉబ్బింది, నరం మీద ఒత్తిడి లేదు అని రాశారు. మా బావమరిది 'గుజ్జు అరిగిపోయింది, కదలకుండా పడుకో' అంటే మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. తగ్గలేదు. లేచి నాలుగడుగులు వేస్తేనే కాస్త నయంగా ఉంది. జిమ్‌కు వెళ్లే స్నేహితుడేమో బరువులెత్తితేనే డిస్కు గట్టిపడుతుందంటాడు. బరువు పడితే డిస్కులో కణాలు చచ్చిపోతాయని ఎక్కడో చదివిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు. గుజ్జు పెరగడానికి నెలకు రెండు వేలు పెట్టి పౌడర్ కూడా వాడుతున్నాను. రోజుకు ఆరేడు సిగరెట్లు తాగుతాను. మా నాన్న 30 ఏళ్లు రైసు మిల్లులో హమాలీగా 75 కిలోల ధాన్యం బస్తాలు మోశాడు, ఒక్కరోజు నడుం నొప్పి అనలేదు. నాకే ఎందుకిలా? మా అబ్బాయికి 15 ఏళ్లు, సెలవుల్లో వాడూ బస్తాలు పడతాడు. వాడికీ వస్తుందా? (తెనాలి ప్రాంతం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి 'మంచం దిగి నేరుగా వెళ్లి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు బరువు గురించి అడిగారు, విశ్రాంతి గురించి అడిగారు, పౌడర్ గురించి రాశారు. ఆ టైము గురించి మాత్రం అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని, నాకు మాత్రం మీ కష్టంలో పెద్ద భాగం అక్కడే కనిపిస్తోంది. ఎందుకో తెలియాలంటే ముందు డిస్కు లోపల ఏముందో చూడాలి.

'అరిగిపోయింది' అనే మాట పక్కన పెట్టండి. చెప్పు అరుగుతుంది, బండి టైరు అరుగుతుంది. వాటిలో ప్రాణం లేదు కాబట్టి ఎంత వాడితే అంత పోతుంది. డిస్కు అలాంటిది కాదు. ఒక చెంచా సబ్జా గింజలు గ్లాసుడు నీళ్లలో వేసి పది నిమిషాలు ఆగి చూడండి. ప్రతి గింజ చుట్టూ జిగురులాంటి తెల్లటి పొర ఉబ్బుతుంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే జారిపోతుంది తప్ప సులువుగా నలగదు. ఆ పొరలో ఉన్నదంతా దాదాపు నీరే, కానీ పట్టి ఉంచిన నీరు. మీ డిస్కు మధ్యలో ఉండే గుజ్జు కూడా అలాంటిదే. అగ్రికాన్ అనే పదార్థం నీటిని లాగి పట్టుకుంటుంది. వయసులో ఉన్నవాళ్ల గుజ్జులో నూటికి 80 పాళ్ల దాకా నీరే ఉంటుంది. ఆ గుజ్జు చుట్టూ అరటి బోదెలో పట్టల్లా 15 నుంచి 25 పొరలు బిగించి ఉంటాయి. ఒక పొరలో నారలు ఒక ఏటవాలుకు పోతే, పక్క పొరలో దానికి ఎదురు ఏటవాలుకు పోతాయి. నులక మంచం అల్లిక గుర్తు చేసుకోండి.

ఈ జిగురునీ ఈ నారలనీ తయారు చేసేవి, పాతవి కోసి కొత్తవి పేర్చేవి డిస్కులోని కణాలే. అవి చాలా తక్కువ. మొత్తం డిస్కు పరిమాణంలో సుమారు నూటికి ఒక వంతు. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళం అనేదే పోదు. మధ్యలో ఉన్న కణానికి అతి దగ్గరి రక్తనాళం ఏడెనిమిది మిల్లీమీటర్ల దూరంలో, పైనా కిందా వెన్నుపూస ఎముకలో ఉంటుంది. చక్కెర, ఆక్సిజన్ అక్కడి నుంచి పలుచటి మృదులాస్థి పలక గుండా ఊరుకుంటూ రావాలి. కణాలు వదిలే లాక్టిక్ ఆమ్లం అదే దారిలో బయటికి పోవాలి. నడిస్తే పంపు కొట్టినట్టు ఆహారం లోపలికి పోతుందని మావాళ్లే చాలామంది చెబుతుంటారు. గ్లూకోజు లాంటి చిన్న అణువుల విషయంలో అది అంత నిజం కాదు. అవి ఎక్కువగా వాటంతట అవే ఊరి చేరతాయి. ఏదేమైనా ఆ ఎముకలోని సన్నటి రక్తనాళాలు బాగుండాలి. సిగరెట్ దెబ్బ తీసేది వాటినే. అసలే పస్తులతో బతికే కణాలకు వచ్చే ఆ కాస్త కూడూ మీ ఆరేడు సిగరెట్లు తగ్గించేస్తాయి. డిస్కు కోసం మీ చేతిలో ఉన్న పనుల్లో అది మానడం చాలా ముందుంది.

ఇక బరువు సంగతి. డిస్కులో ఒత్తిడి ఎంతుంటుందో ఊహించి చెప్పనక్కర్లేదు, సూది పెట్టి కొలిచారు. స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే డాక్టరు 1960ల్లోనే ఈ పని మొదలుపెట్టాడు. 1999లో జర్మనీలోని ఊల్మ్ నగరంలో విల్కే బృందం 45 ఏళ్ల ఆరోగ్యవంతుడి ఎల్4-ఎల్5 డిస్కులో, అంటే మీకు తేడా చేసిన చోటే, సెన్సర్ పెట్టి రోజంతా చూసింది. లెక్కలు మనకు అలవాటైన కిలోల్లో చెబుతాను. వెల్లకిలా పడుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. నిలబడితే 5. నిలబడి ముందుకు వంగితే 11. 20 కిలోల బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే కూడా 11 దాకానే. అదే బరువును మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా ఎత్తితే 17. నడుం గుండ్రంగా వంచి నేల మీంచి లేపితే 23. కారు టైరులో గాలి 2 కిలోలకు కాస్త ఎక్కువ ఉంటుంది కదా, దానికి పది రెట్లన్నమాట. కొలిచింది ఒక్క మనిషిలోనే కాబట్టి అందరికీ సరిగ్గా ఇవే అంకెలు వస్తాయనుకోవద్దు. కానీ ఒక్కటి చూడండి. బరువు అదే 20 కిలోలు. పట్టుకున్న తీరుని బట్టి 11 అయింది, 17 అయింది, 23 అయింది. మీరు చదివిన దాంట్లో 'బరువు' అని రాశారు. కణానికి బస్తా మీద అచ్చువేసిన తూకం తెలియదు. దాని మీద పడే ఒత్తిడే దానికి తెలుస్తుంది.

ఆ ఒత్తిడికి కణం ఏం చేస్తుందో కూడా చూశారు. 1997లో జపాన్ పరిశోధకులు ఆపరేషన్లలో తీసిన మనుషుల డిస్కు ముక్కలను ఒత్తిడి గదిలో పెట్టారు. 3 అట్మాస్ఫియర్ల (ఒక అట్మాస్ఫియర్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో) ఒత్తిడిలో గుజ్జు తయారీ పెరిగింది. 30 అట్మాస్ఫియర్ల దగ్గర తయారీ తగ్గి, గుజ్జును కోసే ఎంజైము పెరిగింది. అంటే మామూలుగా నిలబడి, నడిచి, పని చేసేటప్పుడు పడే ఒత్తిడి మీ కణాలకు పని పురమాయిస్తుంది. హద్దు దాటితే అదే ఒత్తిడి వాటి చేత కూలగొట్టే పని చేయిస్తుంది. కాబట్టి 'బరువు పడితే కణాలు చస్తాయి' అన్నదీ, 'బరువులెత్తితేనే గట్టిపడుతుంది' అన్నదీ రెండూ సగం సగం మాటలే.

దెబ్బతిన్న డిస్కులో కథ ఇంకో మలుపు తిరుగుతుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

కొత్తగా అల్లిన నులక మంచం మీద పడుకుంటే బరువు అన్ని తాళ్ల మీదా సమంగా పడుతుంది. రెండు తాళ్లు వదులయ్యాయంటే వాటి వంతు బరువు పక్క తాళ్లు మోయాలి. అక్కడే ముందు తెగుతుంది. డిస్కులోనూ ఇంతే. గుజ్జులో నీరున్నంత కాలం అది నీళ్ల సంచిలా ఒత్తిడిని అన్ని వైపులకూ సమంగా పంచుతుంది. 1990ల్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆడమ్స్, మెక్‌నల్లీ అనే ఇద్దరు, చనిపోయినవాళ్ల నుంచి తీసిన డిస్కుల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి సూదిని లాగుతూ ఒత్తిడి గీశారు. మంచి డిస్కులో గీత మధ్యంతా చదునుగా వచ్చింది. ఎండిన డిస్కులో మధ్య పడిపోయి, చుట్టూ ఉన్న పొరల్లో, ముఖ్యంగా వీపు వైపు, కొండ కొమ్ముల్లా లేచింది. ఎమ్మారైలో మీ డిస్కు నల్లగా కనిపించడానికి కారణం నీరు తగ్గడమే. అంటే మీరు ఎత్తే 25 కిలోలు మీ డిస్కులో ఇప్పుడు ఇంకో రకంగా పంపిణీ అవుతున్నాయి. అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కుడుకు అలవాటుపడ్డ మధ్య కణాలు ఇప్పుడు పక్కకు ఒరుసుకుంటున్నాయి. సాగడానికి అలవాటుపడ్డ పొరల్లోని కణాలు ఇప్పుడు నలుగుతున్నాయి. పని ఒకటే అయినా, ఎవరి వంతు ఎవరికి పడాలో తారుమారైంది.

రెండోది, కణమే మారిపోతుంది. కణం తన చుట్టూ ఉన్న గుజ్జును సన్నటి పట్లతో పట్టుకుని ఉంటుంది. వాటిని ఇంటెగ్రిన్లంటారు. చుట్టూ ఉన్నది నొక్కుకున్నా సాగినా ఆ పట్ల ద్వారానే దానికి కబురు అందుతుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మంచి డిస్కు కణాలనూ పాడైన డిస్కు కణాలనూ విడివిడిగా నొక్కి చూసి, 2009లో ఒక సంగతి చెప్పారు. ఆరోగ్యమైన కణం ఈ పట్టు దారినే కబురు అందుకుంటోంది. పాడైన డిస్కు నుంచి వచ్చిన కణంలో ఆ దారి పని చేయడం లేదు, కబురు మరేదో దారిలో పోతోంది. మరుసటి ఏడాది అదే చోట చుట్టుపొరల కణాలను సెకనుకు ఒకసారి చొప్పున, నూటికి 10 పాళ్లు సాగదీస్తూ 20 నిమిషాలు ఉంచారు. మంచి కణాలు గుజ్జును కోసే ఎంజైముల జన్యువులను తగ్గించుకున్నాయి. ఆ సాగదీతను అవి మేలుగానే తీసుకున్నాయనుకోవచ్చు. పాడైన డిస్కు కణాలు ఆ పని చేయకపోగా, గుజ్జును, నారను కట్టే జన్యువులను తగ్గించుకున్నాయి. సాగదీసింది అంతే, టైమూ అంతే. జవాబు వేరు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆ రెండో రకం డిస్కులతోనే వస్తారు కదా! కానీ గిన్నెలో 20 నిమిషాలు ఉన్న కణం వేరు, మీ నడుంలో కండరాల మధ్య, ఎముకల మధ్య, రోజంతా రకరకాల కదలికల్లో ఉన్న కణం వేరు. ఆ ఫలితం చూసి పాడైన డిస్కుకు కదలిక విషం అనుకోవడం తప్పు. దానికి హద్దు దగ్గరపడింది, అది తొందరగా తడబడుతుంది అని మాత్రం అర్థం చేసుకోవాలి.

కణం పొరలోనే లాగితే తెరుచుకునే సన్నటి తలుపులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు పీజో1. దాన్ని 2010లో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది. డిస్కు కణాల్లోనూ ఈ తలుపులున్నాయి. అతిగా నొక్కితే కాల్షియం లోపలికి దూసుకొచ్చి వాపు కబుర్లు మొదలవుతాయని, ఎక్కువసేపైతే కణం చనిపోతుందని ప్రయోగశాలల్లో చూశారు. వాపు కబురు పంపే పదార్థాలు గుజ్జును కోసే ఎంజైములను రేపుతాయి, గుజ్జు ఇంకా తగ్గుతుంది, ఒత్తిడి కొమ్ములు ఇంకా లేస్తాయి. మీరు చదివిన 'కణాలు చచ్చిపోతాయి' అన్న మాట ఇలాంటి ప్రయోగాల నుంచే వచ్చి ఉంటుంది. 1998లో అమెరికాలో లాట్జ్ బృందం చిట్టెలుకల తోక డిస్కులను వారం రోజులు వదలకుండా నొక్కి ఉంచింది. ఎంత గట్టిగా నొక్కితే అంత ఎక్కువ కణాలు చనిపోయాయి. వదలకుండా అన్న మాట గుర్తుపెట్టుకోండి. మీ రోజులో అలా వదలకుండా పడే ఒత్తిడి ఏది? బస్తా ఎత్తడం నాలుగు సెకన్ల పని. గల్లా దగ్గర ముందుకు వాలి, వీపుకు ఆనుడు లేకుండా కూర్చోవడం పద్నాలుగు గంటల పని. మీరు భయపడుతున్నది బస్తాకు. నేను భయపడుతున్నది ఆ స్టూలుకు కూడా.

పడుకుంటే బాగవుతుందా అంటే, లేదు. ఎలుకల తోకలను కదలకుండా బిగించి ఉంచినా డిస్కులు చెడ్డాయి. బరువనేదే లేని అంతరిక్షంలో ఉండి వచ్చినవాళ్ల డిస్కులకు, తిరిగొచ్చాక జారే ముప్పు మామూలువాళ్ల కన్నా ఎక్కువని తేలింది. కబురే అందని కణం పని మానేస్తుంది. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న మొదటి ఒకటి రెండు రోజులు పడుకున్నా ఫర్వాలేదు. మూడు వారాలు మాత్రం చాలా ఎక్కువ. లేచి నడిస్తే నయంగా ఉందని మీరే రాశారు. మీ ఒళ్లు మీకు నిజమే చెప్పింది, మీరే బావమరిది మాట విన్నారు. ఆయన ప్రేమతోనే చెప్పి ఉంటారు. అయినా ఇక ఆ మాట వదిలేయండి.

ఇప్పుడు తెల్లవారుజాము దగ్గరికి వద్దాం. రేపు పొద్దున మంచం దిగిన వెంటనే చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తల మీద అట్టముక్క పెట్టించి పెన్సిల్‌తో గీత గీయించుకోండి. రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక అదే చోట మళ్లీ గీయించుకోండి. రెండు గీతల మధ్య సెంటీమీటరు పైనే తేడా ఉండొచ్చు. ఆ తేడాలో ఎక్కువ భాగం డిస్కులదే. రాత్రి పడుకున్నప్పుడు బరువు తగ్గి గుజ్జు నీరు పీల్చుకుంటుంది. ఊల్మ్‌లో కొలిచిన మనిషికి పడుకున్నప్పుడు 1 కిలో ఉన్న ఒత్తిడి, ఏడు గంటల నిద్రలో 2.4 కిలోలకు పెరిగింది. ఆయన ఏమీ ఎత్తలేదు, డిస్కే ఉబ్బింది. పగలంతా ఆ నీరు మెల్లగా బయటికి పోతుంది. ఎత్తులో తగ్గేదాంట్లో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుందని 1980ల్లోనే కొలిచారు. అంటే 5 గంటలకు మీ డిస్కు నిండుగా ఊది బిగుసుకుని ఉంటుంది. ఆ సమయంలో ముందుకు వంగితే వెనక పొరల మీద పడే లాగుడు మధ్యాహ్నం వంగినప్పటి కన్నా చాలా ఎక్కువ. అలాంటి డిస్కుతో, మంచం మీంచి లేచి లేవగానే, నేల మీంచి 25 కిలోలు, అదీ నలభై యాభై సార్లు!

1998లో అమెరికాలో ఎప్పటినుంచో నడుం నొప్పి ఉన్నవాళ్లకు, పొద్దున లేచిన మొదటి రెండు గంటలు ముందుకు వంగొద్దని నేర్పించి చూశారు. మందు లేదు, మిషన్ లేదు. నొప్పి ఉండే రోజులు బాగా తగ్గాయి. నేను ఇది చదివింది మా అమ్మకు నడుం నొప్పి వచ్చిన ఏడాదే. అమ్మ నాలుగున్నరకు లేచి, పొట్టి చీపురుతో వాకిలంతా ఊడ్చి, కళ్లాపి చల్లి, వంగే ముగ్గు పెట్టేది. అరగంట నడుం ఎత్తేది కాదు. 'ముందు పాలు కాచుకో, పూలు కోసుకో, మొక్కలకు నీళ్లు పెట్టుకో, వాకిలి ఆరున్నరకు ఊడుద్దువు గాని' అని బతిమాలితే ఒప్పుకోలేదు. ఎండెక్కాక ముగ్గేమిటంది. చివరికి పొడుగు కర్ర చీపురు తెచ్చి పెట్టి, ముగ్గు చిన్నది చేయించాం. నెల రోజులకు పొద్దుటి పట్టు తగ్గింది.

మీరు కూడా ముందు టైము మార్చండి. లోడు ఆరున్నరకు తెమ్మని లారీవాళ్లను అడగండి. కుదరకపోతే మీరు నాలుగున్నరకే లేచి, వంగే పని ఏదీ పెట్టుకోకుండా అరగంట బజారులో నడిచి రండి. తెల్లవారకుండా దింపాల్సిన రోజు కుర్రాడితో పాటు ఇంకో మనిషిని పెట్టుకోండి. కూలి డబ్బులు పౌడర్ మానేసిన దాంట్లోంచి వస్తాయి. ఆ పౌడర్ల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీరు ఏ పౌడరో రాయలేదు. ఎక్కువగా అమ్ముడుపోయేది గ్లూకోసమిన్. 2010లో నార్వేలో వెన్ను అరుగుదలతో నడుం నొప్పి ఉన్న 250 మందికి ఆరు నెలలు అది ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా ఏమీ ఎక్కువ చేయలేదు. మీరు నోటితో మింగింది ఆ రక్తనాళాల్లేని చోటికి చేరి గుజ్జుగా మారుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

బస్తాలను నేల మీద దింపకండి. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. ఇందాక చెప్పిన 23 కిలోల ఒత్తిడి వచ్చేది నేల మీంచి లేపినప్పుడే. మూడు గట్టి చెక్క బల్లలు చేయించి, తొడ ఎత్తులో వేసి, లారీ తలుపు దగ్గర్నుంచి ఒంటికి ఆనించుకుని బల్ల మీదికి జరపండి. కొట్టు లోపలికి రెండు చక్రాల తోపుడు బండి వాడండి. బస్తా చేతుల్లో ఉండగా నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి. ఇవి నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ముందు 5 కిలోల పంచదార సంచితో మొదలుపెట్టి, తుంటి దగ్గర వంగడం, పిరుదులు వెనక్కి పెట్టడం అలవాటు చేసుకోండి. తర్వాత 10, తర్వాత 15. మీ స్నేహితుడు చెప్పినదాంట్లో నిజమున్నది ఇక్కడే. కాళ్ల, పిరుదుల, నడుం కండరాలు బలంగా ఉంటే, ఏ ఎత్తులో బస్తా దొరికినా నడుం గుండ్రంగా వంచకుండా ఎత్తగలుగుతారు. కానీ జిమ్‌కెళ్లి మొదటి వారమే 60 కిలోల బార్ ఎత్తొద్దు.

స్టూలు తీసేసి వీపుకు ఆనుడున్న కుర్చీ వేయండి. వెనక్కి వాలి కూర్చుంటే డిస్కు ఒత్తిడి నిలబడినప్పటి కన్నా తక్కువని ఊల్మ్ లెక్కల్లోనే ఉంది. అంతకన్నా ముఖ్యం, అరగంటకోసారి లేవడం. గిరాకీ వస్తే సామాను మీరే లేచి అందివ్వండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పావుగంట వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టండి. కాసేపు బరువు, కాసేపు విడుపు. డిస్కుకు కావలసింది ఆ మార్పే.

సాయంత్రం గానీ ఉదయం గానీ వేగంగా నడవండి. 2017లో ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్ల డిస్కులను, ఆటల జోలికి పోనివాళ్ల డిస్కులను ఎమ్మారైలో పోల్చారు. పరుగెత్తేవాళ్ల గుజ్జులో నీరు ఎక్కువగా ఉంది. వేగపు నడక, మెల్లటి పరుగు స్థాయి కదలికలే డిస్కుకు సరిపడినట్టు కనిపించాయి. మంచి డిస్కులున్నవాళ్లే పరుగు పెట్టుకుంటారేమో అన్న అనుమానం అలాగే ఉంది. అయినా నడక వల్ల మీకు పోయేదేమీ లేదు. మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టండి, రెండు నెలల్లో అరగంటకు తెచ్చుకోండి. ఎమ్మారై మళ్లీ తీయించి తెల్లబడిందా అని చూడకండి. డిస్కులో అగ్రికాన్ మారడానికే ఏళ్లు పడుతుంది, నారలు మారడానికి ఒక జీవితం చాలదు. నొప్పి తగ్గడం మాత్రం వారాల్లో, నెలల్లో జరిగే పని, డిస్కు నల్లగా ఉండగానే జరుగుతుంది. ఏ నొప్పీ లేని 40 ఏళ్ల వాళ్లలో నూటికి 68 మందికి స్కానింగులో డిస్కు క్షీణత కనిపిస్తుందని 2015లో చాలా అధ్యయనాలను కలిపి లెక్కేశారు. మీ రిపోర్టులో ఉన్నది మీ ఒక్కరి జబ్బేమీ కాదు.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే నడక, బల్లలు అన్నీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాలు కింది దాకా నొప్పి లాగి పాదం ఎత్తలేకపోతే, సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారితే, మూత్రం ఆగిపోయినా తెలియకుండా పోయినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, తెల్లవారే దాకా ఆగొద్దు. జ్వరంతోనో, ఒళ్లు తగ్గిపోతూనో నడుం నొప్పి ఉన్నా చూపించుకోవాలి.

మీ నాన్నగారి గురించి రాసినప్పుడు మీ మాటల్లో కొంచెం సిగ్గు కనిపించింది. ఆ అవసరం లేదు. ఫిన్లండ్‌లో కవల సోదరులను, ఒకరు బరువు పని చేసేవారు, ఒకరు కూర్చుని పని చేసేవారు, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి డిస్కులు పోల్చారు. పని వల్ల వచ్చిన తేడా అందరూ అనుకున్నదాని కన్నా చాలా చిన్నది. పుట్టుకతో వచ్చిందే పెద్ద వాటా. నాన్నగారి డిస్కులు నాన్నగారివి, మీకు వచ్చిన వాటిలో అమ్మగారి వంతూ ఉంది. పైగా ఆయన పద్నాలుగు గంటలు స్టూలు మీద కూర్చోలేదు. మిల్లుకు ఎలా వెళ్లేవారో, మొదటి బస్తా ఎన్నింటికి ఎత్తేవారో ఒకసారి అడిగి చూడండి. నడిచే వెళ్లేవారని, బాగా పొద్దెక్కాకే పని మొదలయ్యేదని చెబితే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

అబ్బాయి సంగతి. వాడికి రావచ్చు, రాకపోవచ్చు, అది మీ రిపోర్టు చూసి చెప్పేది కాదు. 15 ఏళ్లకు వెన్నుపూస అంచుల్లో ఎదిగే మృదులాస్థి ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. రోజూ కబడ్డీయో క్రికెట్టో ఆడనివ్వండి, పరుగెత్తనివ్వండి, ఈత నేర్పించండి. సెలవుల్లో కొట్టుకు వస్తానంటే కాటా దగ్గర, లెక్కల దగ్గర పెట్టుకోండి. పప్పులు పొట్లం కట్టమనండి, 5 కిలోల సంచులు అందించమనండి. 25 కిలోల బస్తాలు ఇంకో మూడేళ్లు వద్దు. తెల్లవారుజామున లోడుకు మాత్రం వాణ్ని లేపకండి.